అడ్డుతెర వెనుక ఉదజని

ఒకప్పుడు ఉదజని భూమి మీద ఒంటరిగా తిరిగేది. ఈనాడు మనం హైడ్రోజన్ అంటున్నది ఆమెనే. ఆమెకు రంగు లేదు, వాసన లేదు. అందరికంటే తేలిక. నిప్పు ఉన్న చోటికి రాకుండా కొండకొనల మీద ఉండేది.

ఆ కొండ కింద నాంచారమ్మ అనే నేతగత్తె ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు, సీతాలు. చలికాలమంతా ఇంట్లో పిడకలు కాలేవి. ఆ పొగకు సీతాలు ఊపిరి చెడింది. దగ్గినప్పుడు పక్కటెముకలు పైకి తేలేవి.

"నా గూటికే మసి పట్టింది. ఈగలు దూరం నుంచే నవ్వి పోతున్నాయి. పిల్ల ఎట్లా బతుకుతుంది, వదినా?" అంది గోడ మీది సాలీడు.

నాంచారమ్మ కొండ వైపు చేతులు జోడించింది. "ఉదజనీ, నీ దగ్గర పొగ లేని వెచ్చదనం ఉందట. నా బిడ్డకు కొంచెం పెట్టు తల్లీ."

"ఉంది, అక్కా," అంది ఉదజని. "నేనూ ప్రాణవాయువూ కలిస్తే వేడి పుడుతుంది, నీరు పుడుతుంది. మసి పుట్టదు. అయితే ముందు పొయ్యి ఆర్పు. మేము ఎదురెదురుగా ఉన్నప్పుడు నిప్పు తగిలిందా, ఇక మమ్మల్ని మేము ఆపుకోలేం. పెళ్లిపీటల దగ్గర పట్టినట్టు మా మధ్య అడ్డుతెర కట్టు. అందులోంచి కొద్దికొద్దిగా వస్తాను."

సాలీడు దారం ఇచ్చింది. నాంచారమ్మ నేసి, అటక కింద తెర కట్టింది. పైన ఉదజని, కింద ప్రాణవాయువు. తెర వెచ్చబడింది. దాని అంచు నుంచి నీటి చుక్కలు కుండలో పడసాగాయి. సీతాలు దగ్గకుండా నిద్రపోయింది.

పొయ్యిలోంచి ఎత్తిపోయడంతో పని పోయిన నిప్పు వాకిట్లో బూడిద కప్పుకుని కూర్చుంది.

"జీలకర్ర బెల్లం పెట్టాక ఏ పెళ్లిలోనైనా తెర ఉంచుతారా, నాంచారీ?" అంది.

"నీ పని నువ్వు చూసుకో."

"నాకు పనెక్కడుంది? నువ్వే ఊడబెరికావుగా. తెర తీసి చూడు, ఎంత వేడి వస్తుందో."



చలి ముదిరింది. ఒక ఉదయం సీతాలు, "అమ్మా, కాళ్లు చల్లగా ఉన్నాయి," అంది. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ అప్పటికే ఆమె మీద కప్పి ఉన్నాయి. తల్లి ఆ పాదాలను పట్టుకుని చూసింది. తరువాత గుమ్మంలోకి వెళ్లి, తెర తీయడానికి దాని తాడు లాగింది.

ఆమె వెనుక నుంచి నిప్పు లోపలికి తొంగి చూసింది.

ఆ మంటకు రంగు లేదు. పగటి వెలుగులో అది ఎవరికీ కనబడలేదు. చప్పుడు మాత్రం ఊరంతా విన్నది. తరువాత కప్పు లేదు, సాలీడు లేదు, సీతాలు లేదు. మిగిలిన గోడలు తడిగా ఉన్నాయి.

నాంచారమ్మ కాలిన చేతులతో ఆ తడిని తడిమింది. "నేనే లాగాను," అంది.

"నీ చేతులను నిందించను, అక్కా," అంది తడిలోంచి ఉదజని. "బిడ్డ కాళ్లు చల్లబడితే ఏ తల్లి అయినా లాగుతుంది. నేనే ఇక విడిగా తిరగను. ప్రాణవాయువును పట్టుకుని నీటిలో ఉంటాను. అక్కడ నిప్పు మమ్మల్ని అంటుకోలేదు."

అప్పటినుంచే ఉదజని భూమి మీద ఒంటరిగా కనబడటం అరుదు. ఎంతో శ్రమపడి విడదీస్తే తప్ప బయటికి రాదు. బండ్లు నడపడానికి, దీపాలు వెలిగించడానికి పిలిస్తే వస్తుంది. ఫ్యూయల్ సెల్ అనే పెట్టెలో తెర కట్టి ఉంటేనే పొగ లేని కరెంటు ఇస్తుంది. ఇచ్చి, చుక్క చుక్కగా మళ్లీ నీరైపోతుంది.