అడవిదున్న చీటీ

ఆ కొండరాజ్యంలో ఏడాదికి ఒక్క అడవిదున్ననే వేటాడనిచ్చేవారు. ఆశపడ్డవాళ్లంతా మనిషికొక తాటాకు చీటీ చొప్పున పేరు రాసి కుండలో వేస్తే, రాజుగారు కళ్లు మూసుకుని ఒకటి తీసేవారు.

ఆ ఏడు బుట్టలల్లే మేదరి బుడ్డన్న పేరు వచ్చింది. తొమ్మిదేళ్లుగా పేరు రాని దండనాయకుడు వీరభూపతికి ఒళ్లు మండిపోయింది. ఆ దున్న కొమ్ములు ఒక పూరిగుడిసెలో వేలాడతాయన్న తలపుకే ఆయనకు అన్నం సహించలేదు. మర్నాడు సభలో లేచి, "ప్రభూ, వీడు మోసం చేశాడు. ఆ వేట నాకిప్పించండి" అన్నాడు.

మోసం రుజువైతే చెయ్యి నరికేస్తారు. అయినా బుడ్డన్న చేతులు కట్టుకుని నెమ్మదిగా అన్నాడు.

"అయ్యా, కుండలో తమదీ ఒక్క చీటీయే, నాదీ ఒక్క చీటీయే. ఇద్దరమూ సమానమే కదా. నా పేరు వస్తే మోసమెలా అవుతుంది?"

బుట్టలల్లేవాడు తనతో సమానమనేసరికి వీరభూపతి భరించలేకపోయాడు.

"నువ్వూ నేనూ సమానమేమిట్రా! నావి నలభై చీటీలున్నాయి కుండలో. వాటిని కాదని నీ ఒక్కటీ ఎలా వస్తుంది?"

సభంతా ఆయన వైపు తిరిగింది. అప్పటికి గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు.

రాజుగారు మండిపడి, "బుడ్డన్నా, ఈయనకేం శిక్ష వేయమంటావు?" అని అడిగారు.

"శిక్షెందుకు ప్రభూ? ఏడాదికి ఒక్క చీటీయే కదా. దొరగారు రాబోయే ముప్పైతొమ్మిదేళ్లవీ ఇప్పుడే వేసేసుకున్నారు. అన్నేళ్లూ వారి పేరు మళ్లీ వెయ్యకపోతే చాలు."

రాజుగారు నవ్వి, అలాగే కానిమ్మన్నారు. యాభై ఆరేళ్ల వీరభూపతి వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుని, ఉన్నచోటనే కూలబడ్డాడు.