దాలమ్మ కలిపిన వరసలు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా దోగాడుతున్న రోజుల్లో, ఒక గెడ్డ ఒడ్డున ఒక వలస, అంటే చిన్న పల్లె, ఉండేది. గెడ్డ అంటే తెలుసుగా, కొండ మీంచి దిగొచ్చే వాగు. ఎండాకాలం మేకపిల్ల కూడా దాటేస్తుంది, వానాకాలం ఏనుగైనా ఆగాలి. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే నా కథ గెడ్డ అవతలే ఉండిపోతుంది.

ఆ ఊరి పేరు నేరేళ్ళవలస. మంచి ఊరే, కష్టపడే మనుషులే. కానీ ఊడుపుల రోజులొచ్చాయంటే అక్కడ ఒక పాడు పని జరిగేది. ఆడా మగా అందరూ పొలంలో దిగి నాట్లు వేయాలి. చంటిపిల్లల్ని వీపున కట్టుకుపోయేవారు. కాస్త ఎదిగినవాళ్ళు పశువుల వెంట పోయేవారు. మధ్యలో మిగిలేది మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు, ఐదేళ్ళవాళ్ళు. ఎత్తుకుందామంటే బరువు, పని చెబుదామంటే చిన్న, వదిలేద్దామంటే గెడ్డలోకి పోతారు. అందుకని నడుముకి తాడు కట్టి, ఆ తాడు ఇంటి గుంజకి కట్టి, ముందర ముంతలో గంజి పెట్టి వెళ్ళిపోయేవారు. తల్లులకేమీ సరదా కాదు. కట్టేటప్పుడు ఏడ్చేవారు, విప్పేటప్పుడు ఏడ్చేవారు. పగటిపూట ఊళ్ళో మనిషి కనబడడు, గుంజ గుంజకీ ఒక ఏడుపు మాత్రం వినబడేది.

ఆ ఏడుపు వినే మనిషి ఒకతే. ఆమె దాలమ్మ.

దాలమ్మది ఏ ఊరో ఎవరికీ తెలీదు. ఏదో వరదకి ఇల్లూ వాకిలీ, అయినవాళ్ళూ కొట్టుకుపోతే నడుచుకుంటూ వచ్చి, గెడ్డ పక్కన పాక వేసుకుంది. చీపుళ్ళు కట్టి బతికేది. ఒక కాలు ఈడ్చేది, అందుకని బురదలో దిగి నాటు వేయలేదు. మన పల్లెల సంగతి మీకు చెప్పాలా? ఏ ఇంటివాళ్ళయినా ఒకరికొకరు అత్తో, పిన్నో, మావో, బావో ఏదో ఒకటి అవుతారు. చాకలికి వరసుంది, మంగలికి వరసుంది, ఏడాదికోసారి వచ్చే గాజులవాడికీ వరసుంది. దాలమ్మకే లేదు. ఎవరి వైపు నుంచి కలుపుతారు? పెద్దవాళ్ళు ఒసేయ్ అన్నట్టు "ఓలి" అని పిలిచేవారు. పిల్లలు ఏమని పిలవాలో తెలీక పిలిచేవారే కాదు.

ఒక ఊడుపుల రోజున ఇక వినలేకపోయింది. కాలీడ్చుకుంటూ మొదటి ఇంటికి వెళ్ళి తాడు విప్పింది. రెండో ఇంటికి వెళ్ళి విప్పింది. మూడో ఇంటికి వెళ్ళి విప్పింది. ఆ తర్వాత ఊరంతా విప్పేసింది. విప్పాక భయం పట్టుకుంది. ఇంతమంది తలో దిక్కూ పరిగెడితే ఈడ్చే కాలితో ఎవరిని పట్టుకుంటుంది? అందరినీ పనస చెట్టు కింద కూర్చోబెట్టింది. ఆమెకి ఆటలు రావు, పాటలు రావు. ఏం చెయ్యాలో తోచక, దగ్గరున్న ఒక బొద్దుగుంటణ్ణి చెట్టు చూపించి అడిగింది:

"ఇది నీకేటవుతాది?"

వాడు చెట్టుని కిందికీ పైకీ చూశాడు. మొదలంతా కాయలు వేలాడుతున్నాయి. "పెద్దమ్మ," అన్నాడు.

"పెద్దమ్మెలాగ?"

"పొట్ట పెద్దది."

"మరి పెద్దమ్మనొగ్గేసి ఎక్కడికైనా ఎల్తావేటి?"

వాడు ఆలోచించాడు. "ఎల్లను," అన్నాడు. వెళ్ళి చెట్టుని వాటేసుకున్నాడు.

దాలమ్మకి ఒళ్ళంతా పులకరించింది. తాడు లేకుండానే కుర్రాడు ఆగాడు. ఇంకొకర్ని అడిగింది, ఇంకొకర్ని అడిగింది. ఇది నీకేటవుతాది, అది నీకేటవుతాది? మల్లేసు అనేవాడు గాలిని మావన్నాడు, ఎప్పుడొచ్చినా జుత్తు చెరుపుతుందట. సీతాలు చీమల్ని పిన్నులంది, క్షణం కూర్చోరట. ఎర్రోడు ఎండ్రకాయని బావన్నాడు, ఎదురుగా పిలిస్తే పక్కకి పోతుందట. ఒక గడుగ్గాయి వాళ్ళింటి గేదెని కోడలన్నాడు. అప్పట్నుంచి వాళ్ళ నాన్న గేదె మీద కర్రెత్తితే చాలు, "నా కోడల్ని కొడతావా" అని అడ్డం పడుకునేవాడు.

సాయంత్రం తల్లులొచ్చి చూస్తే గుంజలకి ఉత్త తాళ్ళున్నాయి. గుండెలు జారి గెడ్డ వైపు పరిగెత్తారు. పిల్లలు పనస కింద కిలకిలలాడుతున్నారు. తల్లులకి నవ్వాలో తిట్టాలో తెలీలేదు. ఊరి పెద్ద బుగత మాత్రం కర్ర నేలకేసి కొట్టాడు.

"సూడోలి. ఒక్క పిల్ల తప్పిపోనాదా, అందర్నీ మల్లీ గుంజలకే కట్టీమంతాను. నువ్వు ఊరొగ్గీసి పోవాల."

దాలమ్మ తలూపింది. ఆమె ఉండే నీడా, పిల్లల స్వేచ్ఛా రెండూ ఆ మాట మీదే నిలబడ్డాయి.

ఇక చూడండి సంబరం. పొద్దున్న వరస, మధ్యాహ్నం సారె, సాయంత్రం కబురు. రోజూ ఇదే.

పొద్దున్న ఎవరి చుట్టాన్ని వాళ్ళు పలకరించి రావాలి. మధ్యాహ్నం సారె తయారు చెయ్యాలి. చుట్టాలింటికి ఉత్తిచేతులతో ఎవరైనా వెళ్తారా? గాలిమావకి తాటాకు గిరకలు చేశారు. పిచ్చుక వదినకి తడి ఇసుకలో కాలు పెట్టి గూళ్ళు కట్టారు. పనస పెద్దమ్మకి బంకమట్టి అరిసెలు ఒత్తి, పైన నువ్వులకి బదులు ఇసుక అద్దారు. కప్పల పెళ్ళికి కొబ్బరాకు చుట్టి బూరలూదారు. నేపాళం కొమ్మ విరిచి, ఆ పాలలో గడ్డిపరక ముడిచి ముంచి, ఉఫ్ఫని ఊదితే బుడగలు లేచేవి. వాటి వెనక పిల్లలు, పిల్లల వెనక కుక్కలు, కుక్కల వెనక కాలీడ్చుకుంటూ దాలమ్మ. సాయంత్రం ఎవరి చుట్టం కబురు వాళ్ళు చెప్పాలి. ఎక్కడ తిరిగింది, ఏం తింది, ఇవాళ కొత్తగా ఏం చేసింది. పిల్లలు గట్టిగా చూసొచ్చి చెప్పేవారు, ఎందుకంటే చూడకుండా చెబితే మిగతావాళ్ళు పట్టేసేవారు.

అలా ఊడుపులు సగం గడిచాయి. ఒకరోజు కొండ మీద మబ్బు కమ్మింది. మధ్యాహ్నం సారెలిచ్చి అందరూ తిరిగొచ్చారు. పైడి రాలేదు.

పైడి నాలుగేళ్ళ పిల్ల, గురువులు కూతురు. దాలమ్మ పిలిచింది, వెతికింది, మళ్ళీ పిలిచింది. ఆమె కేక విని పొలంలోంచి జనం పరిగెత్తుకొచ్చారు. పైడి ఎక్కడని గురువులు పిల్లల్ని అడిగాడు.

"అత్తోరింటికెల్లిపోనాది," అన్నారు పిల్లలు.

అంతే, గురువులు కళ్ళెర్రబడ్డాయి. అతని అక్క నూకాలు, అంటే పైడికి మేనత్త, పై ఊళ్ళో కాపురముంది. పైడి బారసాలకి తనను సరిగ్గా పిలవలేదని అలిగి, అప్పట్నుంచి తమ్ముడి గడప తొక్కలేదు. పిల్లని ఒకసారైనా చూడలేదు. ఆ కోపంతోనే పిల్లని ఎత్తుకుపోయిందని గురువులు తేల్చేశాడు. మగవాళ్ళంతా కర్రలందుకుని పై ఊరికి పరిగెత్తారు. బుగత మాత్రం ఊళ్ళోనే ఆగి, ఆడవాళ్ళ వైపు తిరిగి తాళ్ళు తెమ్మన్నాడు. తల్లులు ఇళ్ళకెళ్ళి తాళ్ళు తెచ్చారు. పిల్లలు ఆ తాళ్ళు చూసి గొల్లుమన్నారు.

దాలమ్మ బుగతని బతిమాలలేదు, కాళ్ళు పట్టుకోలేదు. అప్పటికి ఆమెకి పైడి తప్ప ఇంకేదీ పట్టడం లేదు. పిల్లల మధ్య కూర్చుంది. ఇందాకటి నుంచి పెద్దవాళ్ళెవరూ అడగని ప్రశ్న అడిగింది.

"పైడికి అత్తెవులు?"

"మొగిలత్త," అన్నారందరూ ఒక్కసారే. అందరికీ తెలిసిన సంగతి మళ్ళీ అడుగుతుందేమిటన్నట్టు చూశారు.

"నాకు సెప్పనేదే. ఎప్పుడు కలిపింది వరస?"

"ఇయ్యాలే," అంది సీతాలు. "మొగిలి దూరం నుంచి రా రమ్మని వాసనేస్తాది. దగ్గిరికెల్తే గుచ్చుతాది. అందుకే అత్త."

అంత ఏడుపులోనూ తల్లుల్లో ఒకామె ఫక్కున నవ్వి, కొంగుతో నోరు మూసుకుంది. వాళ్ళ అత్తగారు పక్కనే ఉంది మరి.

మొగిలి పొదలేమో గెడ్డ పొడుగునా ఉన్నాయి. ఏ పొదలో అని వెతుకుతారు? మల్లేసు ముఖం పైకెత్తి నిలబడ్డాడు. వాళ్ళ మావ కొండ దిక్కు నుంచి వస్తున్నాడని, వస్తూ మొగిలి వాసన తెస్తున్నాడని, పువ్వు పూసిన పొద అటే ఉందని చెప్పాడు. సీతాలు కింద చూసి బెంగపడింది. వాళ్ళ పిన్నులు గుడ్లు నోట కరుచుకుని మెట్టకెక్కుతున్నారట. అంటే నీళ్ళొస్తున్నాయి, తొందరగా పదండని అందరి చేతులూ లాగింది. తల్లులు గట్టు మీదికి ఉరకబోతే ఎర్రోడు అడ్డం నిలబడ్డాడు. అక్కడంతా వాళ్ళ బావ బొక్కలు చేసుకున్నాడు, గట్టు గుల్లయిపోయింది, తొక్కితే కూలుతుందని చుట్టు దారి చూపించాడు. పిల్లలు ముందు, తల్లులు వెనక, అందరి వెనకా కర్ర పట్టుకుని బుగత. కొండ మీద ఉరుమింది.

పూసిన మొగిలి దొరికింది. లోపల్నుంచి సన్నగా ఏడుపు. మొగిలి ఆకు సంగతి తెలుసుగా, లోపలికి పోయేటప్పుడు మెత్తగానే ఉంటుంది, వెనక్కి రాబోతే ముళ్ళు పట్టేస్తాయి. పైడి అత్తకి మట్టిగాజులు తొడుగుదామని లోపలికి దూరింది, ఇక రాలేకపోయింది. గెడ్డ నీళ్ళు అప్పటికే పిల్ల మోకాళ్ళ దాకా వచ్చాయి.

తల్లులు నిలబడి పొదలో చొరబడబోతే, పైన అన్ని వైపులకీ తిరిగిన ఆకులు చీరల్ని, చేతుల్ని చీరేశాయి. దాలమ్మ నేల మీద పడుకుంది. పొద అడుగున మొదళ్ళ మధ్య కాస్త సందుంది, అది పాకేవాళ్ళకే దారి. కాలీడ్చుకుంటూ బతికిన మనిషికి పాకడం కొత్తేమీ కాదు. తల్లులు చేతుల్లో ఉన్న తాళ్ళన్నీ ముడేసి ఆమె నడుముకి కట్టారు. దాలమ్మ లోపలికి పాకి, పైడిని కడుపు కిందికి లాక్కుని, ముళ్ళన్నీ తన వీపున పడేట్టు కప్పుకుంది. "లాగండోలమ్మా," అంది. తల్లులు లాగారు. బుగత కర్ర పారేసి తనూ తాడందుకున్నాడు. ఇద్దరూ బయటపడ్డారు. వాళ్ళు మెట్టకెక్కేసరికి గెడ్డ ఆ పొదని సగం మింగింది.

అప్పుడే పై ఊరి దారిలో ఒక మనిషి జుట్టు విరబోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. నూకాలు. తమ్ముడు కర్రతో వచ్చి కేకలేస్తుంటే, పిల్ల కనబడలేదన్న ఒక్క మాటే చెవినేసుకుని, అలకా గిలకా మరిచి అందరికంటే ముందు వచ్చేసింది. పిల్లని లాక్కుని హత్తుకుంది. పైడి బిత్తరపోయి చూస్తోంది.

దాలమ్మ వీపున రక్తం కారుతోంది. అయినా రోజూ అడిగేదే అడిగింది. "పైడీ, ఈయమ్మ నీకేటవుతాది?"

పైడి నూకాలుని ఎగాదిగా చూసింది. "తెలవదు. గుచ్చుతాదా?"

"గుచ్చనమ్మా, ఇంకెప్పుడూ గుచ్చను," అని నూకాలు బావురుమంది. వెనకే ఆయాసపడుతూ వచ్చిన గురువులు కర్ర వెనక దాచుకున్నాడు.

ఆ రోజుతో నేరేళ్ళవలసలో గుంజలకి తాళ్ళు కట్టడం పోయింది. ఆ తాళ్ళతో పనస కొమ్మలకి ఉయ్యాలలు వేశారు. మొదటిసారి ఊగింది ఎవరనుకుంటున్నారు, బుగతే. గట్టిదో కాదో చూస్తున్నానన్నాడు.

ఏళ్ళు గడిచాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలూ దాలమ్మ దగ్గరే పెరిగారు. ఒకరోజు దాలమ్మ నిద్రలోనే కన్నుమూసింది. పాడె కట్టాక, ఈమెకి ఎవరు ఏమవుతారో ముందుకి రండి, నిప్పు పట్టాలన్నారు పెద్దలు. ఊరంతా ముందుకొచ్చింది. మల్లేసు అమ్మన్నాడు, సీతాలు అమ్మంది, ఎర్రోడు అమ్మన్నాడు. పెద్దలు బుర్ర గోక్కున్నారు. ఈమె అందరికీ అమ్మయితే ఊళ్ళో మొగుడూ పెళ్ళాలంతా అన్నాచెల్లెళ్ళయిపోరూ?

అప్పుడు పైడి లేచింది. అప్పటికి ఆమె ముగ్గురు పిల్లల తల్లి. "దాలమ్మ మాకు వరస సెప్పనేదు, అడిగింది. ఎవులికేటనిపిస్తే అదే. ఒకలికి అమ్మ, ఒకలికి అప్ప, ఒకలికి అత్త. ఎవులి వరస ఆలదే," అంది. అలాగే ఊరంతా తలో చెయ్యీ వేసి ఆమెని సాగనంపారు.

ఇప్పటికీ అక్కడ పిల్ల కనబడకపోతే ఎవరూ కర్రలందుకోరు. "అత్తోరింటికెల్లుంటాది, ఏ అత్తో పిల్లల్నడుగు" అంటారు. ఇప్పటికీ ఊడుపుల మొదటి రోజున మూడేళ్ళు నిండిన పిల్లల్ని బయటికి తీసుకొచ్చి చెట్టునీ పుట్టనీ చూపించి వరస కలిపిస్తారు. పిల్లలు ఏది చుట్టమంటే, దాని మీద గొడ్డలి పడదు, రాయి పడదు. ఆఖరికి అడుగుతారు, "దాలమ్మ నీకేటవుతాది?" అని. పిల్లలు ఏం చెబితే అదే ఖాయం. పిన్నన్నవాళ్ళున్నారు, వదినన్నవాళ్ళున్నారు. ఒకడు తమ్ముడన్నాడు, అదీ ఒప్పుకున్నారు.

ఒక ఏడు ఒక చిన్న గుంట, మూడేళ్ళ ఆడపిల్ల, చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి, "నా కూతురు," అంది. పక్కనున్న ముసలమ్మలు ముక్కు చీదుకున్నారు. ఆ గుంట మాత్రం ఇంటికెళ్ళి, బువ్వ గిన్నె ముందేసుకుని, తను తినే ముందు ఒక ముద్ద పక్కన తీసి పెట్టింది.

"తిను దాలీ, తిను నా తల్లీ," అంది.