తాంబూలం నోట్లో ఉండగా ఆమోదించిన నియమం

ఏ రాజ్యమని అడక్కండి. పేరు చెబితే ఎవరో ఒకరు భుజాలు తడుముకుంటారు. ఆ రాజ్యాన్ని వీరకంఠీరవుడనే రాజు ఏలేవాడు. పొరుగు రాజు తన దేశానికి రాజ్యాంగం రాయించుకున్నాడని విని ఇతనికి కడుపు మండింది. వెంటనే మంత్రి చేత నూరు నియమాల పుస్తకం ఒకటి రాయించాడు.

దాన్ని ప్రజలు ఒప్పుకోవాలి కదా! ఊరూరా దండోరా వేయించి పెద్దకాపులను రప్పించమన్నాడు. ఆ దండోరా విన్న తిప్పన్న అనే గొర్రెలకాపరి, "అందులో ఏముందో చదివి వినిపిస్తే కదయ్యా ఒప్పుకునేది!" అన్నాడు. అంతే, పట్టుకుపోయి చెరసాలలో పడేశారు. అన్నదాంట్లో తప్పేముందో నాకైతే ఇప్పటికీ తెలీదు.

అతని భార్య ఓబులమ్మ వారం వారం జొన్నరొట్టెలు మూట కట్టుకుని పది కోసులు నడిచి వచ్చేది. కాపలావాళ్లు రొట్టెలు పుచ్చుకుని ఖాళీ గుడ్డ ఇచ్చి పంపేవాళ్లు. మనిషిని మాత్రం చూపించలేదు. నాలుగు నెలలు అలా తిరిగి, చివరికి ఆస్థానంలో శాసనాలు చదివే కొండుభట్టు కాళ్ల మీద పడింది.

"సభరోజు రా తల్లీ," అన్నాడు కొండుభట్టు.

సభ కొలువుతీరింది. చుట్టూ కత్తులు పట్టుకున్న భటులు. ఓ మూల రొట్టెల మూటతో ఓబులమ్మ. కొండుభట్టు పుస్తకం విప్పి మొదటి నియమం చదివాడు: "చదివినప్పుడు కాదని నోరు విప్పనివారు ఒప్పుకున్నట్టే."

ఆ కత్తుల మధ్య నోరెవడు విప్పుతాడు? ఒక ముసలి పెద్దకాపు మాత్రం కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"తల ఊపితే చెల్లదు! సైగలు లెక్కలోకి రావు. నోటితో చెప్పాలి," అని రాజు గద్దించాడు.

"ఈ నియమం అందరికీనా ప్రభో?" అని కొండుభట్టు వినయంగా అడిగాడు.

"అందరికీ! మాకు సైతం!" అని రాజు మీసం దువ్వాడు. రాయసకాడు ఆ మాటా రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి తొంభైతొమ్మిది నియమాలు అయిపోయాయి. భోజనాలయ్యాక రాజు ఘనంగా తాంబూలం బిగించాడు. స్వహస్తాలతో మంత్రికీ ఒకటి నోట్లో పెట్టాడు. ఇద్దరి బుగ్గలూ ఉబ్బాయి. ఉమ్మి వేసుకునే తమ్మపడిగ కోసం రాజు పక్కకు చూస్తే అది లేదు. కొండుభట్టు దాన్ని ఎప్పుడో తన పీట వెనక్కి జరిపేశాడు.

"ఇక నూరో నియమం," అని గొంతు సవరించుకున్నాడు. పుస్తకంలో ఉన్నది వదిలేసి తన మనసులో ఉన్నది చదివాడు. "చెరలో వేసిన ఏ మనిషినైనా అయినవాళ్లు అడిగిన రోజునే సభలో నిలబెట్టాలి. ఎందుకు వేశారో చెప్పాలి."

రాజు కళ్లు పెద్దవయ్యాయి. నోరు విప్పితే తెల్లటి పట్టుబట్టల మీద ఎర్రటి రసం! మింగితే ఆయనకు గిట్టదు. చేతులు ఊపాడు, కాళ్లు నేలకేసి కొట్టాడు. మంత్రి "ఊఁ ఊఁ" అని మూలిగాడు.

"సైగలు చెల్లవు కదా," అన్నాడు కొండుభట్టు. "ప్రభువులు కాదనలేదు. రాసుకోవయ్యా."

రాయసకాడు రాసేశాడు. అప్పుడు తమ్మపడిగ ముందుకొచ్చింది. రాజు ఉమ్మేసి కత్తి మీద చెయ్యి వేశాడు. కానీ సభంతా తననే చూస్తోంది. ఏం చేస్తాడు? పకపకా నవ్వాడు.

"భలే భట్టూ! మా నియమంతో మమ్మల్నే కట్టేశావు!" అని తన భుజం మీది జరీ శాలువా తీసి కప్పాడు.

"శాలువా సంగతి తరవాత, ప్రభూ. తిప్పన్న భార్య అడుగుతోంది, అతన్ని పిలిపించండి."

"దానికేం, పిలిపించండి!" అన్నాడు రాజు, ఇంకా నవ్వుతూనే.

చెరసాల అధికారి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు.

ఓబులమ్మ రొట్టెల మూటతో ముందుకొచ్చింది. "మా ఆయన బతికున్నాడా అయ్యా?"

అధికారి మంత్రి వంక చూశాడు. మంత్రి రాజు వంక చూశాడు. రాజు నవ్వు ఆగిపోయింది. కొండుభట్టు తన పీట మీదే కూలబడ్డాడు.

"నా రొట్టెలు ఆయనే తింటున్నాడా?"

ఎవరూ పలకలేదు.

ఆమె ఒక్కొక్కరి ముఖమూ చూసింది. పొద్దుటి నుంచీ ఆ పుస్తకం చదువుతుంటే ప్రతి ముక్కా విన్న మనిషి ఆమె. రాయసకాడి వైపు తిరిగింది.

"ఎవరూ కాదనలేదు. బతికే ఉన్నాడని రాసుకో నాయనా," అంది. మూట ఒళ్లో పెట్టుకుని సభ మధ్యన కూర్చుంది. "ఇక తీసుకురండి. చూసే వెళ్తాను."