ఆగని గంట

దగ్గరికి జరుగు బంగారూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో భద్రాచారి అని, గంటలు పోసే కంచరి ఉండేవాడు. వాళ్ళావిడ పేరిందేవి. ఆయన సుత్తి వేస్తుంటే ఆవిడ పక్కనే కూర్చుని కొలిమి ఊదేది.

గంట మంచిదో కాదో తేల్చేది కంచరి చెవే. ఒక్క దెబ్బ కొట్టి, మోత పూర్తిగా ఆగేదాకా కళ్ళు మూసుకుని వినాలి. మధ్యలో బీట వినిపించిందా, కరిగించి మళ్ళీ పోయాల్సిందే.

ఒకసారి రేవు వాళ్ళు పెద్ద గంట చేయమన్నారు. మంచు పడ్డప్పుడు ఆ మోత విని పడవలు ఒడ్డుకు రావాలిట. భద్రాచారి నెల్లాళ్ళు కష్టపడ్డాడు. అప్పుడు ఒక్క దెబ్బ కొట్టి కళ్ళు మూసుకున్నాడు. అన్నం వేళ అయింది, మోగుతోంది. పొద్దు వాలింది, ఇంకా మోగుతూనే ఉంది. 

గంటకేదో దయ్యం పట్టిందనుకున్నాడు పాపం, ఆ పిచ్చి మారాజు. దాన్ని ఊకలో పూడ్చాడు, ఆగలేదు. ఆ తర్వాత మోసుకెళ్ళి ఏట్లో ముంచాడు, ఆగలేదు. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నావు? పెద్ద సుత్తితో నెల్లాళ్ళ కష్టాన్ని ముక్కలు చేశాడు.

ముక్కలు నేల మీద పడున్నాయి. మోత అలాగే ఉంది.

అప్పుడు తెలిసింది, అది గంటలో లేదు, తన చెవిలో ఉందని.  పక్కింట్లో గిన్నె పడితే తల పగిలిపోతోంది. తలుపులన్నీ మూసుకుని మూల కూర్చున్నాడు. ఇల్లు సద్దుమణిగేసరికి ఆ కుయ్యిమనే మోత ఇంకా పెరిగింది. చెవి పోయిన కంచరి ఇక దేనికి పనికొస్తాడని కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు.

పేరిందేవి తలుపు తోసుకొచ్చింది. "ఏమైందయ్యా?"

"చెవిలో మోగుతోందే. ఎంతకీ ఆగట్లేదు."

"సన్నగా, ఈల వేసినట్టు, అదేగా?"

"నీకెలా తెలుసు?"

"నాకు ఆరేళ్ళ నుంచి మోగుతోంది. అందరికీ అంతే కాబోలనుకున్నాను."

 ఎంత సన్న బీటనైనా పట్టే చెవి భద్రాచారిది. ఆవిడ చెవిలో ఆ మోత పెట్టిన సుత్తీ ఆయనదే. పక్కన కూర్చున్న మనిషి సంగతి ఆరేళ్ళుగా తెలియలేదు చూడు.

అప్పుడు పేరిందేవి తలుపులు తీసేసి, చేటలో బియ్యం పోసి చెరగడం మొదలుపెట్టింది. "ఊరికే నిశ్శబ్దంలో కూర్చుంటే అదే రాజ్యమేలుతుంది. పక్కన ఏదో చిన్న చప్పుడుండాలి. రోజూ సాయంత్రం నేను చేట పట్టేది అందుకే" అంది. మోత పోలేదు గానీ, కాస్త వెనక్కి జరిగింది.

మర్నాడు భద్రాచారి సుత్తి ముట్టుకోలేదు. ముందు దూది తెచ్చి ఆవిడ చెవుల్లో పెట్టాడు.  ఆ తర్వాతే తనకు పెట్టుకున్నాడు. నెల్లాళ్ళకి మళ్ళీ గంట పోసి, దూలానికి వేలాడదీసి, ఒక్క దెబ్బ కొట్టారు. ఇద్దరూ ఆ దూలం మీద అరచేతులు ఆనించి, అదురు చూస్తూ కూర్చున్నారు.

"ఆగిందా?" అన్నాడు.

"చేతికి ఆగింది" అంది.

ఆయన తల ఊపాడు. గంట బాగా కుదిరిందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

కంచికి పోయే కథ పోయింది, కంటికి నిదర రానే వచ్చింది.