నక్క తూటా

చౌడప్పకు ఉన్న బాధల్లా ఒక్కటే. ఏ జంతువుకు ఏ తూటా? ఆ ఒక్క ప్రశ్నతో దస్తగిరి వస్తాదు ప్రాణం తోడేస్తున్నాడు.

వేట మీద ఆంక్షలు లేని పాతకాలం మాట ఇది. ఆ కొండల్లో వస్తాదు పేరున్న వేటగాడు. కళ్ళు మసకబారాక తన రైఫిలు ఎవరి చేతిలో పెట్టాలా అని వెతికాడు. వెతగ్గా వెతగ్గా దొరికినవాడు చౌడప్ప. గురి బాగుంది, కాళ్ళలో సత్తువుంది, నోరే మూతపడదు.

తూటాలు రెండు రకాలు. తెల్లమొనది తగలగానే చిట్లిపోతుంది. వేరుశనగ చేలు పాడుచేసే నక్కలకు అది చాలు. ఎర్రమొనది లోతుకు దిగుతుంది, అది దుప్పులకు. ఉన్నది ఇంతే. వస్తాదు ఎప్పుడో చెప్పేశాడు. అయినా చౌడప్ప రోజూ వస్తాడు. గాలి ఎదురైతే ఏది, వాన పడితే ఏది అంటాడు.

ఒకరోజు పొద్దున్నే వస్తాదు రొట్టె తుంచి పప్పులో అద్దుకోబోతుండగా చౌడప్ప రైఫిలు భుజానేసుకుని వచ్చాడు.

"ఈ తెల్లమొన పనికిరాదు వస్తాదూ! నక్కకని పెట్టుకోని చేలో కూర్చుంటే దుప్పి వచ్చె. మార్చేలోపల పోతాదేమోనని దాంతోనే కాలిస్తి. తగిలె గానీ పడలా. కుంటుకుంటా పాయ."

"నువ్వేం చేస్తివి?"

"ఇట్లొస్తి. రెండింటికీ పనికొచ్చే తూటా ఉంటాదేమో అడుగుదామని."

వస్తాదు చేతిలోని రొట్టెముక్క పళ్ళెంలో పడింది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. తమ తూటా తగిలిన జంతువు అడవిలో తిరుగుతున్నంతసేపూ ఎవరూ ముద్ద ముట్టరు. వస్తాదు భార్య బీబమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నీళ్ళు చల్లింది. చల్లుతూ ఆమె చౌడప్పను చూసిన చూపు మీద ఇంకో రొట్టె కాల్చవచ్చు.

"నువ్వు తిన్నావా?" అడిగాడు వస్తాదు.

"సద్ది తాగే వచ్చినా."

వస్తాదుకు ఒళ్ళు మండిపోయింది. లేచి వాడి భుజం మీది రైఫిలు లాక్కున్నాడు.

"ఈ పొద్దుతో నీకూ దీనికీ చెల్లు. నడువు. దాన్ని యాడ వదిలిపెట్టినావో చూపించు."

ఆకలి కడుపుతో, రాళ్ళదారిలో, ఎండలో నడక. చౌడప్ప వెనక నుంచి మొదలుపెట్టాడు. "అదే ఎర్రమొనదైతేనా వస్తాదూ..."

"నోరు మూసుకోని ముందుకు రా. నాకు నెత్తురు కనపడదు. నువ్వే చూడాల."

చౌడప్ప ముందుకొచ్చి వంగాడు. ఒక బండ మీద చుక్క. తంగేడాకు మీద ఇంకొకటి. మొదట్లో ప్రతి చుక్కకూ ఒక సంజాయిషీ చెప్పాడు. కాసేపటికి సంజాయిషీలు తగ్గాయి. ఎండ నెత్తికెక్కేసరికి "ఇక్కడుంది" అనడమే మిగిలింది. ఆ తర్వాత అదీ లేదు, వేలు పెట్టి చూపించడమే. వీడి నోరు మూతపడాలని ఇన్నాళ్ళూ కోరుకున్న వస్తాదుకు ఇప్పుడా మౌనం ఏమంత బాగాలేదు.

దుప్పి వాగు ఒడ్డున కలేపొద కింద పడి ఉంది. భుజం మీద చర్మం చీలిపోయింది. ఈగలు ముసిరాయి. మనుషుల్ని చూసి లేవబోయింది. ముందుకాళ్ళు సహకరించలేదు. మెడ మాత్రం ఎత్తి చౌడప్ప వైపే చూసింది.

వస్తాదు రైఫిలు వాడి చేతికిచ్చాడు. నడుముకున్న సంచి విప్పి వాడి అరచేతిలో కుమ్మరించాడు. తెల్లవీ ఎర్రవీ అన్నీ కలిసి పడ్డాయి.

"ఏరుకో నాయనా. తీరిగ్గా ఏరుకో."

చౌడప్ప దుప్పి మీది నుంచి చూపు తిప్పకుండానే ఒక తూటా తీసి రైఫిల్లో పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

కొండకు తగిలి తిరిగొచ్చిన చప్పుడు అణిగాక వస్తాదు అడిగాడు.

"ఏది పెట్టినావురా?"

చౌడప్ప దుప్పి పక్కన కూర్చుని ఈగలు తోలుతున్నాడు.

"చూడలా వస్తాదూ."

చాలాసేపటికి లేచి, రైఫిలు రెండు చేతులా పట్టుకుని వస్తాదు ముందుకు చాపాడు. వస్తాదు అందుకోలేదు.

"నీ దగ్గరే ఉండనీ. పోదాం పా. బీబమ్మ పొయ్యి ముట్టించాల."