మచ్చతో అచ్చయిన రాజు

అనగనగా వజ్రకూటమనే రాజ్యాన్ని సుదేవుడనే రాజు ఏలేవాడు పిల్లలూ. ఆయనకి ముగ్గురు కొడుకులు. రాజ్యం ఎంత పెద్దదంటే, రాజుని కళ్లారా చూసినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. సంతలో దొరికే అచ్చుబొమ్మే వాళ్లకి రాజు. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దేవారు. జనం దాన్ని గోడకి అంటించుకుని, పొద్దున్నే దణ్ణం పెట్టుకుని పనుల్లోకి వెళ్లేవారు.

జనానికి బొమ్మే రాజని పసిగట్టాడు కరాళుడనే మాంత్రికుడు. కత్తి దూయలేదు, సైన్యాన్ని తేలేదు. రాజుకీ కొడుకులకీ కోరలు పెట్టి, పసిపిల్లల్ని నములుతున్నట్టు బొమ్మలు అచ్చువేయించి ఊరూరా పంచాడు. జనం హడలిపోయారు. రాజుని రాళ్లతో అడవికి తరిమేసి, కరాళుణ్ణి గద్దె ఎక్కించారు.

పెద్దకొడుకు సైన్యంతో వచ్చాడు. "కోరల రాజు కొడుకొచ్చాడు!" అని జనం తలుపులేసుకున్నారు. రెండోవాడు బంగారంతో వచ్చాడు. మళ్లీ తలుపులేసుకున్నారు. మూడోవాడు కువలయుడు వట్టిచేతులతో, అచ్చులు చెక్కే కొమ్మాలు అనే అమ్మాయి ఇంటికెళ్లాడు.

కొమ్మాలు అతణ్ణి ఎగాదిగా చూసి, "కోరలేవీ?" అంది.

"ఎప్పుడూ లేవు" అన్నాడు కువలయుడు.

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆ అచ్చు చెక్కింది మా నాన్నే, రాకుమారా. పీక మీద కత్తిపెట్టి చెక్కించారు. ఆ దిగులుతోనే పోయాడు. పోతూ పోతూ చెప్పాడు, ఏడు సముద్రాల అవతల మంటల కోటలో ఒక చిలక ఉందట. కరాళుడి ప్రాణం అందులోనే ఉందట."

కువలయుడు బయల్దేరాడు. ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలుని తిరగేస్తే, అది వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. మంటల కోట పక్కన ముళ్లలో చిక్కుకున్న ఉడుతని విడిపిస్తే, "చిలక పంజరం తాడు నేను కొరుకుతాలే" అని కోట పైకి పాకింది. మంటల్లోకి దూకడం మాత్రం అతని వంతే. దూకాడు. ఎడమ చెంప కాలింది. తెగిపడిన పంజరంలోని చిలక చేతికి చిక్కింది.

"వదిలెయ్! నీ ముఖం మళ్లీ అద్దంలా చేస్తాను" అని చిలక బతిమాలింది.

"నాకు కావలసింది మా నాన్న పరువు" అంటూ మెడ విరిచేశాడు. అక్కడ గద్దె మీద కరాళుడు కుప్పకూలాడు.

అయినా కువలయుడు తిరిగొస్తే తలుపులు తెరుచుకోలేదు! గోడల మీద కోరలు అలాగే ఉన్నాయి మరి.

కువలయుడి బొమ్మ చెక్కడానికి కొమ్మాలు ఉలి పట్టింది. ముసలి మంత్రి ఉండబట్టలేక, "ఆ మచ్చ తీసెయ్యి అమ్మాయీ. రాజన్నవాడు చందమామలా ఉండాలి" అన్నాడు.

కొమ్మాలు కువలయుడి వంక చూసింది.

"ఉన్నది ఉన్నట్టే చెక్కు. అబద్ధపు బొమ్మ మనల్ని చేసింది చాలు" అన్నాడతను.

అలాగే చెక్కింది. మూడు సంతల్లో మూడు వేల బొమ్మలు పంచారు. ఆ వెనకే కువలయుడు తలపాగా కూడా లేకుండా, ఒంటరిగా సంతలోకి నడిచాడు. ఒక ముసలమ్మ బొమ్మని అతని చెంప పక్కన పెట్టి చూసింది. మచ్చకి మచ్చ సరిపోయింది. కోరలు మాత్రం లేవు.

"ఇదే నిజం బొమ్మ! మా గోడ మీదది అబద్ధం!" అని కేకేసింది.

ఇంటికెళ్లి కోరల బొమ్మని చించి పొయ్యిలో వేసింది. ఊరంతా అదే పని చేసింది. ఆ జనమే అడవికి కదిలి, తప్పయిపోయిందని మొక్కి, సుదేవుణ్ణి భుజాల మీద మోసుకొచ్చారు. ఆయన చిన్నకొడుకు చెంప తడిమి, "ఇంతకు మించిన ఆభరణం మన వంశంలో ఎవరికీ లేదురా" అన్నాడు. ఆయన చెప్పగా అన్నలిద్దరూ తమ్ముణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు.

కువలయుడికీ కొమ్మాలుకీ ఏడు రోజులు పెళ్లి జరిగింది. అతని అరవై ఏళ్ల పాలనలో ఏటేటా రాణి కొత్త అచ్చు చెక్కేది. వెంట్రుక నెరిస్తే నెరిసినట్టు, ముడత పడితే పడినట్టు. దారిలో రాజు ఎదురైతే చాలు, పశువులు కాసేవాళ్లు సైతం ఛాతీ విరుచుకుని, "అడుగో, మా రాజు!" అనేవారు.