మసిచేతమ్మ గుట్ట మీద ఆడపిల్లల తొలి చదువు

మసిచేతమ్మ గుట్ట మీద గుడి లేదు. కొనకు కాస్త దిగువన ముందుకు వంగిన ఒక బండ, దాని మీద నల్లటి అరచేతి గుర్తు ఉన్నాయి. ఎన్ని వానలు కురిసినా ఆ గుర్తు చెరగదని ఇక్కడివారి నమ్మకం. అమ్మవారికి వేరే విగ్రహం లేదు. ఆ చేతికే పూజ. చేసేది ఆడవారు.

పూర్వం ఈ గుట్ట కింద ఒక మఠం ఉండేది. అక్కడ తాటాకు గ్రంథాలకు నకళ్ళు తీసేవారు. వసారాలో ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు గంటంతో ఆకుల మీద గీసేవారు. గంటం గీత కంటికి ఆనదు. నూనెలో కలిపిన మసిని ఆకుకు పూసి తుడిస్తే, గీతల్లో మసి నిలిచి అక్షరాలు నల్లగా తేలతాయి. చేతులు పాడయ్యే పని కనుక దానిని ఊరి ఆడవారికి వదిలారు. వారు వసారా కింద పెరట్లో కూర్చునేవారు. అక్షరం నేర్చిన ఆడదాని చేతిని కాగిన నూనెలో ముంచాలని మఠం కట్టడి.

బయ్యమ్మ ఆ పనిలో చేరేనాటికి కూతురు చెన్ని చంటిపిల్ల. పైనుంచి వినబడే మాట, తన వేలి కింద తేలే గీత ఒకటేనని ఎప్పుడు తెలిసిందో బయ్యమ్మకే గుర్తు లేదు. తెలిసిన నాటి నుంచి ఆకు వంక తేరిపార చూసేది కాదు. అయినా పక్కన కూర్చునే ఈరమ్మ ఊరుకునేది కాదు. "ఆకులో ఏం చూస్తావే, మొగుని మొగమా?" అని ఎత్తిపొడిచేది.

ఒకనాడు బయ్యమ్మ చేతికి ఆకు తలకిందులుగా వచ్చింది. ఏమరుపాటున దానిని సరిగ్గా తిప్పి పైకి అందించింది. అందుకున్న లేఖకుడు ఆకును, ఆమెను మార్చి మార్చి చూశాడు. లోపలికి వెళ్ళి మఠానికి పెద్ద అయిన పెద్దయ్యవారితో చెప్పాడు.

మర్నాడు పెరట్లో నూనె కొప్పెర పొయ్యి మీదికెక్కింది. ఆడవారికి తలా ఒక ఆకు ఇచ్చారు. బయ్యమ్మ మసి పూసి తుడిచింది. మాట వెంట మాట తేలింది.

"ఇది చదివిన ఆడదాని బిడ్డ నేటి దీపం వేళకు చచ్చును."

లేఖకులు ఆకులను కాదు, ముఖాలను చూస్తున్నారు. బయ్యమ్మ నాలుకను పళ్ళ మధ్య నొక్కిపెట్టి, ఆకును కావాలనే తలకిందులుగా అందించింది. ఎవరూ బయటపడలేదు. అప్పుడు పెద్దయ్యవారు మెల్లగా అన్నారు. "చదివినామె ఒప్పుకుంటే శాపం తీసే మంత్రం నా దగ్గరుంది. చేయి పోతుంది. బిడ్డ దక్కుతుంది."

బయ్యమ్మ లేవబోయింది. నూనె కాగుతున్న చప్పుడుకు మళ్ళీ కూర్చుంది. సెలవిచ్చాక ఇంటికి పరుగెత్తి, చెన్నిని చంకనేసుకుని గుట్టెక్కింది. బండ చాటున అమ్మవారుందని పశువుల కాపర్లు చెప్పగా విన్నది. పిల్ల ఒళ్ళు వెచ్చగా తగిలింది. ఎండకో శాపానికో తెలియలేదు.

బండ కింద ఈరమ్మ ఉంది. కొడుకును కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వూ చదివితివా?" అంది ఈరమ్మ.

జవాబు చెప్పేలోపు కింద అడుగుల చప్పుడైంది. మసి పూసే ఆడవారందరూ ఒకరి వెనుక ఒకరు బిడ్డలతో ఎక్కి వస్తున్నారు. వచ్చి బండ చుట్టూ కూర్చున్నారు.

పొద్దు కుంకింది. మఠంలో దీపం వెలిగింది. బయ్యమ్మ మసి అంటిన ఒక చేయి బండకు ఆనించి, మరో చేయి చెన్ని రొమ్ము మీద పెట్టి ఊపిరి బిగబట్టింది.

"అమ్మా, ఆకలైతాంది" అంది చెన్ని.

ఆ రాత్రి పెద్దయ్యవారి కలలోకి అమ్మవారు మసి చేతితో వచ్చి, అబద్ధం రాసిన చేయి ఏదని అడిగిందట. తెల్లవారగానే ఆయన కొప్పెర తిరగేయించి గుట్టెక్కారు. బయ్యమ్మ చేయి ఆనించిన చోట గుర్తు నిలిచి ఉంది.

నేటికీ అక్షరాలు నేర్చిన ఆడపిల్లలను శుక్రవారాల్లో ఇక్కడికి తీసుకువస్తారు. పొద్దు వాలే వేళ ఆ శాపం రాసిన తాటాకును తల్లి తాను చదివి పిల్ల చేతికిస్తుంది. పిల్ల దానిని పైకి చదవాలి. దీపం వెలిగేదాకా తల్లి పిల్లను తాకకూడదు. ఆ తరువాత పెరుగన్నం పెడతారు. ఇక్కడ చదివిన పిల్లను ఏ రాతా బెదిరించలేదని పెద్దలు చెబుతారు. తల్లులకు కూడా అది తెలుసు. అయినా దీపం వెలిగేదాకా వారి చూపు పిల్ల రొమ్ము మీదే ఉంటుంది.